ఒకే గేమ్, వేర్వేరు వయసులు: రేటింగ్ ఎలా చదవాలి?

గేమ్ పేరు పక్కన కనిపించే 7+, 12+ అంకెలు గేమ్ ఎంత కష్టమో చెప్పవు. లోపలి హింస, భాష, భయపెట్టే సీన్లు ఏ వయసుకు సరిపోతాయో చెబుతాయి.

మైన్‌క్రాఫ్ట్‌నే తీసుకోండి. అమెరికాలో ఈఎస్‌ఆర్‌బీ దానికి 10+ ఇస్తే, యూరప్‌లో పెగీ 7 ఇచ్చింది. ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24కి పెగీ రేటింగ్ 3. జర్మనీలో యూఎస్‌కే మాత్రం 12 వేసింది. ఎందుకంటే గేమ్‌లో డబ్బు ఖర్చు పెట్టించే ఒత్తిడిని కూడా అక్కడ లెక్కలోకి తీసుకుంటారు.

స్టోర్లలోనూ ఇదే తంతు. గూగుల్ ప్లేలో డెవలపర్ ఐఏఆర్‌సీ ప్రశ్నలకు జవాబులిస్తే, ప్రాంతాన్ని బట్టి రేటింగ్ వస్తుంది. యాపిల్‌ది సొంత లెక్క. 2025లో 12+, 17+ తీసేసి 13+, 16+, 18+ తెచ్చింది.

అందుకే తమ్ముడికో చెల్లికో గేమ్ ఇన్‌స్టాల్ చేసి ఇచ్చే ముందు నేను మూడు విషయాలు చూస్తాను: అంకె, దానికి చూపిన కారణం, లోపల కొనుగోళ్లు ఉన్నాయా అన్నది. ఇక ఆన్‌లైన్ చాట్‌లో అవతలివాళ్లు ఏం మాట్లాడతారో ఏ రేటింగూ హామీ ఇవ్వలేదు. ఆ సెట్టింగ్ మనమే ఆఫ్ చేయాలి.