ముందు మంచాలు లెక్కపెట్టండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం కరీంనగర్ మంకమ్మతోటలో అయినా, ఆదిలాబాద్ బస్టాండు దగ్గర అయినా బైపీసీ పిల్లల తల్లిదండ్రుల నోట ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "డాక్టరు సీటు రాకపోతే నర్సింగన్నా చేయిద్దాం." ఆ 'అన్నా' అనే మాట దగ్గరే నాకు పేచీ. నర్సింగ్ అంటే డాక్టరు చదువులో మిగిలిపోయినవాళ్లు సర్దుకునే చోటు కాదు. అది వేరే చదువు, వేరే చేతిపని. వేరే రకం మనిషిని కోరుకుంటుంది. సీటు రాలేదన్న బాధతో వచ్చినవాళ్లు మొదటి నైట్ డ్యూటీకే బెంబేలెత్తడం, ఇష్టపడి వచ్చినవాళ్లు అదే వార్డులో నాలుగేళ్లకు నిలదొక్కుకోవడం మన దవాఖానల్లో పనిచేసేవాళ్లంతా చూసినదే.

ఈ చదువు గురించి ఇప్పుడు ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. 2022 దాకా ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండింటికీ కలిపి ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక్కటే, 2008లో మొదలైన ఆదిలాబాద్ రిమ్స్. కరీంనగర్ పక్కన నగునూరులో ప్రతిమ, బొమ్మకల్‌లో చల్మెడ ఉన్నా అవి ప్రైవేటువి. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో, ఆ మరుసటి ఏడాది కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ కాలేజీలు వచ్చాయి. ప్రతి మెడికల్ కాలేజీకీ అనుబంధంగా పెద్ద దవాఖాన ఉండాలి. అక్కడి ప్రతి మంచం పక్కనా మూడు షిఫ్టుల్లోనూ ఎవరో ఒక సిస్టర్ నిలబడాలి. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళ్లిపోతారు. మిగతా రోజంతా రోగి ప్రాణం నర్సు కంటి ముందే ఉంటుంది.

బ్రిటన్‌లో నర్సింగ్ డిగ్రీలో చేరేటప్పుడే పెద్దవాళ్లకు, పిల్లలకు, మానసిక ఆరోగ్యానికి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు అని నాలుగు విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకుంటారు. మొదటిదాన్ని అక్కడ అడల్ట్ నర్సింగ్ అంటారు. మన దగ్గర అలా విడదీయరు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో పిల్లల వార్డు, కాన్పుల గది, మానసిక వైద్యం, ఊళ్లలో ప్రజారోగ్యం అన్నీ నేర్చుకోవాల్సిందే. అయితే ఆ చదువుకు వెన్నెముక పెద్దవాళ్ల వార్డే. సీనియర్ సిస్టర్లు 'మెడికల్ సర్జికల్' అని పిలిచే సబ్జెక్టును ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సిలబస్ మార్చినప్పుడు 'అడల్ట్ హెల్త్ నర్సింగ్' చేసింది. మూడో సెమిస్టర్‌లో ఒక భాగం, నాలుగో సెమిస్టర్‌లో రెండో భాగం. ఒక్కోదానికి క్లాసులో పాఠం 140 గంటలు, వార్డులో పని 480 గంటలు. రెండూ కలిపితే రోగి మంచం పక్కన గడపాల్సింది 960 గంటలు. నర్సు తయారయ్యేది ఆ గంటల్లోనే.

ఆ గంటల్లో ఏం నేర్చుకుంటారో మన దగ్గరి రోగినే ఉదాహరణగా తీసుకొని చెబుతాను. పత్తి చేనులో మందు కొట్టి, ఆ విషం ఒంటికెక్కి, నోట్లో నురగతో క్యాజువాలిటీకి వచ్చే రైతు ఆదిలాబాద్ జిల్లాలో ఏ వానాకాలంలోనైనా కనిపిస్తాడు. డాక్టరు అట్రోపిన్ రాస్తారు. రాసినంత మాత్రాన పని అయిపోదు. మందు సరిపోతోందా, ఎక్కువవుతోందా అన్నది మాటిమాటికీ చూసి చెప్పాల్సింది నర్సే. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, నాడి ఎంతుంది, కంటిపాపలు ఎలా ఉన్నాయి, రోగి కలవరిస్తున్నాడా? గురగుర తగ్గకపోతే మందు చాలలేదని అర్థం. ఒళ్లు కాలిపోతూ మనిషి పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంటే మోతాదు మించిందని అనుమానించాలి. ఇవన్నీ కేస్ షీట్‌లో టైముతో సహా రాయాలి, తేడా కనిపించిన నిమిషంలో డాక్టరును లేపాలి. పాము కాటు కేసు వస్తే రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. చూడటానికి చిన్న పనే, కానీ విరుగుడు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం చాలాసార్లు దాని మీదే నిలుస్తుంది. ఇక బీడీలు చుట్టీ చుట్టీ ఆయాసం పట్టిన అవ్వ, షుగరుతో కాలి పుండు మానని సిరిసిల్ల నేతన్న, డయాలసిస్‌కు వారం వారం వచ్చే గోదావరిఖని కార్మికుడు... పెద్దవాళ్ల వార్డంటే మన జిల్లాల బతుకంతా వరుసగా పడుకున్న చోటు.

అర్హత విషయానికొస్తే చిక్కు తక్కువే. ఇంటర్ బైపీసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. ఇంగ్లిష్ విడిగా పాసవ్వాలి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. సీట్లు భర్తీ చేసేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. 2022 నుంచి కన్వీనర్ కోటాకు ఎంసెట్ ర్యాంకు అడుగుతున్నారు, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నలభై చొప్పున 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. నీట్ రాస్తున్నాం కదా అని ఈ పరీక్షకు దరఖాస్తే పెట్టనివాళ్లు ఏటా ఉంటారు. ఆ పొరపాటు చేయకండి. నిబంధనలు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌ను మీరే చదవండి, పక్కింటివాళ్లు చెప్పింది నమ్మి ఊరుకోకండి.

బైపీసీ చదవనివాళ్లకూ దారి మూసుకుపోలేదు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా, కావలసిన కనీస మార్కులుంటే మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమాలో చేరవచ్చు. ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. కాలం ఎక్కువ పట్టినా మధ్యలోనే ఉద్యోగానికి అర్హత వస్తుంది కనుక ఇల్లు గడవడం కష్టంగా ఉన్న కుటుంబాలకు ఇది మంచి దారి. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ సీటు వస్తే మాత్రం వదులుకోవద్దు. సిరిసిల్లలో, జగిత్యాలలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలున్నాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం స్టైపెండ్ పెంచింది. మొదటి ఏడాది నెలకు 5 వేలతో మొదలై నాలుగో ఏడాదికి 8 వేలు అయింది. కూలి చేసుకునే తల్లిదండ్రులకు అది చిన్న సాయం కాదు.

ఇప్పుడు అసలు విషయం, కాలేజీ ఎంపిక. చాలామంది భవనం చూస్తారు, హాస్టల్ చూస్తారు, బస్సు చూస్తారు. నన్నడిగితే ముందు దవాఖాన చూడాలి. నర్సింగ్ కాలేజీకి కనీసం వంద పడకల సొంత దవాఖాన ఉండాలని, అందులో నూటికి డెబ్బై ఐదు పడకలు రోగులతో నిండి ఉండాలని, ముగ్గురు రోగులకు ఒక విద్యార్థి లెక్కన అందాలని కౌన్సిల్ నియమాలు. కాగితం మీద అన్ని కాలేజీలూ ఈ లెక్క చూపిస్తాయి. కాగితం సంగతి వదిలేసి మీరే వెళ్లండి. తనిఖీ లేని ఒక మామూలు రోజు, మధ్యాహ్నం మూడింటికి, రోగిని చూడటానికి వచ్చిన బంధువులా వార్డులో నడవండి. ఎన్ని మంచాల మీద మనుషులున్నారో చూడండి. యూనిఫాంలో ఉన్న విద్యార్థులు బీపీ చూస్తున్నారా, కట్టు మారుస్తున్నారా, లేక మెట్ల మీద కూర్చున్నారా? మూడో ఏడాది చదువుతున్న అమ్మాయిని పక్కకు పిలిచి, "చెల్లీ, నువ్వు స్వయంగా ఎన్ని క్యాన్యులాలు పెట్టావు?" అని అడగండి. ఆ జవాబు ఏ ప్రాస్పెక్టస్‌లోనూ దొరకదు.

ఇది ఇంత నొక్కి చెప్పడానికి కారణం, ఏటా వేసవిలో మన ఊళ్లలో తిరిగే ఏజెంట్లు. వేరే రాష్ట్రంలో సీటు ఇప్పిస్తామని, కాలేజీకి రాకపోయినా ఫర్వాలేదని, పరీక్షలప్పుడు వస్తే చాలని చెబుతారు. పొరుగు రాష్ట్రాల్లో మంచి కాలేజీలు లేవని కాదు, ఎన్నో ఉన్నాయి. కానీ 'రాకపోయినా ఫర్వాలేదు' అన్న చోట చేరిన పిల్లకు నాలుగేళ్ల తర్వాత చేతిలో డిగ్రీ ఉంటుంది, చేతికి పని రాదు. నిబంధన ప్రకారం పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు కావాలి, వార్డు పని నూటికి నూరు శాతం పూర్తయితేనే పట్టా ఇవ్వాలి. హాజరు అక్కర్లేదని చెప్పేవాళ్లు మీ పిల్ల గురించే కాదు, రేపు ఆమె చేతిలో పడబోయే రోగి గురించి కూడా ఆలోచించడం లేదు. కాలేజీకి ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లలోనే సరిచూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతిలో పెట్టకండి.

చేరాక మొదటి ఆరు నెలలే గండం. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు అనాటమీ పుస్తకం తెరవగానే కళ్లు తిరుగుతాయి. దీనికి తెలిసిన మందు ఒకటే. ఒక నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగులో దాని అర్థం, రోజుకు ఇరవై. సెమిస్టర్ పూర్తయ్యేసరికి భయం పోతుంది. ఇంగ్లిష్ రావాలి నిజమే, కానీ మన జిల్లాల్లో అంతకంటే ముందు అక్కరకొచ్చేది రోగి భాష. రిమ్స్‌కు మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచీ రోగులు వస్తారు. ఉట్నూరు ఏజెన్సీ నుంచి వచ్చే గోండు, కొలాం పెద్దవాళ్లకు తెలుగు అంతంత మాత్రమే. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు అని గోండిలోనో మరాఠీలోనో అడగగలిగిన సిస్టర్ ఉంటే ఆ వార్డులో సగం భయం తగ్గిపోతుంది. ఆ భాషలు ఇంట్లోనే వచ్చిన పిల్లలు దాన్ని లోటుగా దాచుకుంటున్నారు. అది మీ బలం, ఇంటర్వ్యూలోనూ గర్వంగా చెప్పండి.

ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. ప్రైవేటు దవాఖానల్లో తొలి జీతం చాలా తక్కువ, చాలా చోట్ల ప్రభుత్వ స్కేలులో సగం కూడా ఉండదు. రాష్ట్ర ప్రభుత్వంలో నర్సింగ్ ఆఫీసర్ మూల వేతన స్కేలు 36,750 నుంచి 1,06,990 రూపాయలు. 2022 డిసెంబరులో 5,204 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌ను తర్వాత 7,094 పోస్టులకు పెంచారు, 2024 జనవరిలో నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఈ పరీక్షలో రాతకు 80 పాయింట్లు, ప్రభుత్వ దవాఖానల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు. 2022 నోటిఫికేషన్‌లో ఆరు నెలల సేవకు మామూలు ప్రాంతాల్లో 2 పాయింట్లు, గిరిజన ప్రాంతాల్లో అయితే 2.5 పాయింట్లు ఇచ్చారు. ఏజెన్సీలో పోస్టు అనగానే వెనకడుగు వేసే తల్లిదండ్రులు ఈ లెక్క చూడాలి. రోగికి దవాఖాన దూరమైన చోట పనిచేస్తే అనుభవమూ వస్తుంది, పాయింటూ వస్తుంది.

కేంద్రంలో ఎయిమ్స్ సంస్థలకు నార్‌సెట్ ఉమ్మడి పరీక్ష ఉంది, మన బీబీనగర్ ఎయిమ్స్ కూడా అందులోదే. మూల వేతనం 44,900 రూపాయలు. అక్కడ బీఎస్సీ వాళ్లకు అనుభవం అడగరు, జీఎన్ఎం వాళ్లకు యాభై పడకల దవాఖానలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. ఎనభై శాతం పోస్టులు మహిళలకు, ఇరవై శాతం పురుషులకు. ఇది ఆడపిల్లల చదువే అనుకునే అబ్బాయిలకు ఈ మాట.

కరీంనగర్‌కు మరో ప్రత్యేకత ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఈ జిల్లాలో నూటికి 82 కాన్పులు కోతతోనే జరిగాయి. రాష్ట్ర సగటు అరవై పైచిలుకు. ఇదే కరీంనగర్‌లో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో రాష్ట్ర ప్రభుత్వం నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. తల్లి పక్కన ఓపిగ్గా నిలబడి సహజ కాన్పు చేయించగల నర్సులు ఈ జిల్లాకు ఎంత అవసరమో ఆ 82 అంకే చెబుతుంది. డిగ్రీ తర్వాత ఏం చేయాలని అడిగేవాళ్లకు నేను మొదట చూపించే దారి ఇది.

విదేశాల మాట రాకుండా మన దగ్గర ఏ కెరీర్ చర్చా ముగియదు. గల్ఫ్ బాధలు చూసిన జిల్లాలు మనవి. నర్సుగా వెళ్లడం కూలికి వెళ్లడం లాంటిది కాదు, చేతిలో చదువుంటుంది, రిజిస్ట్రేషన్ ఉంటుంది. అయినా జాగ్రత్త తప్పదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వంటి దేశాలకు భాషా శిక్షణతో సహా నియామకాలు జరుగుతున్నాయి. ముందు అక్కడ అడగండి. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు బీ2 స్థాయి జర్మన్ కావాలి. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్‌లో ఏడు, రాతలో ఆరున్నర, ఆపైన కంప్యూటర్ పరీక్ష, చేతిపని పరీక్ష ఉంటాయి. ఆ చేతిపని పరీక్షలో అడిగేది ఏమిటి? రోగిని పలకరించడం, ఊపిరి లెక్కపెట్టడం, మందు ఇవ్వడం, సంరక్షణ ప్రణాళిక రాయడం. మూడో సెమిస్టర్‌లో మన వార్డులో నేర్చుకున్నవే. అక్కడ నేర్చుకోనివాళ్లకు లండన్‌లో కొత్తగా ఎవరూ నేర్పరు.

కాబట్టి ఈ వేసవిలో కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక్క రోజు కేటాయించండి. బిడ్డను వెంటబెట్టుకొని ఆ కాలేజీ దవాఖానకు వెళ్లండి. మగవాళ్ల వార్డు, ఆడవాళ్ల వార్డు రెండూ తిరగండి. నిండిన మంచాలు లెక్కపెట్టండి. బయటికొచ్చాక, "ఇక్కడ రాత్రంతా మేలుకొని ఉండగలవా బిడ్డా?" అని అడిగి, ఆమె చెప్పిన జవాబును బట్టే ఆప్షన్ పెట్టండి.