అల్లుడి పోస్టింగులూ నీ పాఠాలూ

మాధవరం

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

వాట్సాప్‌లో నువ్వు పెట్టింది చదివాను. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను. డీఎస్సీ రాసి ఊళ్ళో ఉండిపోవాలా, మీ ఆయన వెంట పఠాన్‌కోట్ వెళ్ళి అక్కడి ఆర్మీ స్కూల్లో టీచరుగా చేరాలా అన్నదేగా నీ గొడవ? మీ అత్తగారిది ఒక మాట, మీ నాన్నది ఇంకో మాట. నా లెక్క వేరు.

జవాను కొలువు తొందరగా అయిపోతుంది. మీ ఆయన అగ్నిపథ్‌కు ముందు చేరినవాడు కనుక పెన్షనుంది. కానీ నాయక్‌గానో హవల్దారుగానో దిగితే నలభై అయిదుకల్లా ఇంటి దారే. మన మిలిటరీ మాధవరంలో అరుగుల మీద కూర్చునే మాజీ సైనికులను చూడు, ఎంతమంది నడివయసువాళ్ళో! అప్పటికి నీకింకా ఇరవై ఏళ్ళు పాఠం చెప్పే ఓపిక ఉంటుంది. ఆ ఇరవై ఏళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇప్పుడు వెళ్ళు. వెంట తిరిగిన ఏళ్ళు దండగ కావు, కాగితాలు భద్రంగా ఉంటే.

ముందు సీటెట్. ఒకసారి గట్టెక్కితే చాలు, 2021 నుంచి దానికి గడువు లేదు. లాంగ్వేజి కింద తెలుగు పెట్టుకోవచ్చు. ఆర్మీ స్కూళ్ళకైతే పైన వాళ్ళ ఓఎస్‌టీ పరీక్ష కూడా రాయాలి. నీది బీఎడ్, ప్రైమరీ పోస్టుకు ఆశపడకు. డీఎడ్ వాళ్ళకే అది చెందుతుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. లెక్కల టీచరుగానే పెట్టుకో. ఏ ఊరు వదిలినా, సామాను ట్రక్కెక్కకముందే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పడాలి. తరవాత పంపిస్తామంటారు. నమ్మకు.

చాలాచోట్ల ఏడాది కాంట్రాక్టే ఇస్తారు. ఫౌజీ భార్యకు ఉద్యోగం కాలక్షేపమేగా అనేవాళ్ళు క్వార్టర్లలోనే ఉంటారు. విని ఊరుకో, జీతం మాత్రం గట్టిగా అడుగు.

ఇక అసలు పని. నవంబర్లో, నాన్న బదిలీ మీద, ఒక పిల్లాడు నీ క్లాసుకు వస్తాడు. నోట్‌బుక్కు అట్ట మీద పాత స్కూలు లేబుల్ గోటితో గీకేసిన మరక. అక్కడ భిన్నాలు మొదలుపెట్టలేదు, ఇక్కడ అయిపోయాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒకటే అయినా ఏ బడి వరస దానిది. “అర్థమైందా?” అంటే తలూపుతాడు. బడులు మారీ మారీ వాడు బాగా నేర్చింది ఆ తలూపడమే! బోర్డు దగ్గరకు పిలవకు. అన్నం బెల్లు కొట్టాక పక్కన కూర్చోబెట్టుకుని రెండు లెక్కలు చేయించు. ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలిపి రెండు బై అయిదు అని రాస్తాడు. కొట్టెయ్యకు, రొట్టె బొమ్మ గీసి వాడి చేతే పంచించు. వాళ్ళ నాన్న ఎప్పుడొస్తారని మాత్రం అడగకు. వాడికి తెలియదు, తెలిసినా చెప్పొద్దని ఇంట్లో చెప్పే ఉంటారు.

కేంద్రీయ విద్యాలయాలు మొదలైందే ఇలా ఊళ్ళు మారే పిల్లల కోసం. 1963లో ఆ పథకం అమల్లోకి వచ్చినప్పుడు ముందుగా తీసుకున్నవి 20 రెజిమెంటల్ స్కూళ్ళే. కానీ బడి ఉన్నంత మాత్రాన ఆ నవంబరు పిల్లాడి సంగతి తేలదు, వాడి పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. నీకూ అక్కడ భాష కొత్త, మనుషులు కొత్త. వాడి ఇబ్బంది అందరికన్నా నీకే ముందు తెలుస్తుంది. డీఎస్సీ పుస్తకాల్లో అది ఉండదు తల్లీ.

అలాగని ఆ పుస్తకాలు అమ్మెయ్యకు. వయసు పరిమితి ఎంతో చూసుకుంటూ ఉండు.

మీ ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చిందా, విడిగా ఉండే కుటుంబాలకు ఎస్‌ఎఫ్ క్వార్టర్ ఇచ్చే స్టేషన్లో నువ్వు ఆగిపో. మధ్యలో క్లాసు వదిలి ఊరికి రావద్దు. మార్చి దాకా ఆగుతుందని మీ అత్తగారికి నేను చెబుతాలే.

మీ పెద్దమ్మ