మంచు సీమలో మలిసంజ

ప్రవేశిక

ఏటా నాలుగైదు నెలలు మంచు కప్పుకొని ఉండే అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు శీతకాలాన్ని ఎలా గడుపుతారో, ఆ గడ్డుకాలంలో వారికి తోడు ఎక్కడ లభిస్తుందో వివరించే వ్యాసమిది. అక్కడ పిల్లల వద్ద నివసించే తెలుగు తల్లిదండ్రుల ప్రస్తావన కూడా ఇందులో ఉన్నది.

వ్యాసం

తెలుగువారికి మంచు అన్నది ఒక్కటే మాట. వేకువన పైరుమీద నిలిచే బిందువూ మంచే. దారి కనబడకుండా కమ్ముకొనే తెరా మంచే. హిమాలయ శిఖరాలపై పేరుకొన్నదీ మంచే. అమరకోశం అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఇన్ని పేర్లు చెప్పినా, మన కవులు వాటిని చాలావరకు పర్యాయపదాలుగానే వాడుకొన్నారు. మన నేలమీద ఆకాశం నుండి మంచు రాలి నెలల తరబడి కరగకుండా నిలవదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో ఏదో ఒక వేకువన గడ్డిపరకల మీది నీటిబొట్టు గడ్డకడితే అది పత్రికలలో వార్త అవుతుంది. అనుభవంలో లేని భేదానికి మాట పుట్టదు గదా!

అయినా మంచులో చిక్కుకొన్న మనిషి మన సాహిత్యంలో లేకపోలేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయానికి వెళ్ళాడు. కొండల సొగసు చూసి మురిసిపోయాడు. తిరిగి వద్దామనుకొనేసరికి ఆ లేపం మంచునీటికి కరిగిపోయింది. అంతవరకు కన్నుల పండువుగా ఉన్న మంచు ఒక్క క్షణంలో చెరసాల అయింది. అప్పుడతనికి గుర్తుకు వచ్చినవారెవరు? తాను కనబడకపోతే తల్లడిల్లే తల్లిదండ్రులు, ఇల్లాలు, శిష్యులు, వేళ తప్పకుండా అర్చించవలసిన అగ్నులు. ఎదురుచూసేవారు ఉండడమే ప్రవరుని వేదనకు కారణం. మంచు సీమలో ముదిమిని గడిపే ఒంటరి వృద్ధుని వేదన ఇందుకు సరిగ్గా విరుద్ధమైనది. అతడు ఇంట్లోనే ఉన్నాడు. ఎదురుచూసేవారే లేరు.

మిన్నెసోటా అమెరికా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దులో ఉన్న రాష్ట్రం. పదివేలకు మించిన సరస్సులు గల నేల అది. అక్కడి పెద్ద నగరమైన మిన్నియాపొలిస్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 9 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన ఉంటుంది. ఒక్కొక్క శీతకాలంలో సగటున సుమారు 130 సెంటీమీటర్ల మంచు కురుస్తుంది. డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకు ముందే చీకటి పడుతుంది. 1885లో ఈ ప్రాంతానికి వచ్చిన న్యూయార్కు పత్రికా విలేకరి ఒకరు, సెయింట్ పాల్ నగరం శీతకాలంలో మనుషులు నివసించదగినది కాదనీ, అది మరొక సైబీరియా అనీ రాశారట. నగరవాసులు కినుక వహించి, మరుసటి ఏడాది, అంటే 1886లో, మంచుగడ్డల దిమ్మెలతో ఒక కోట కట్టి శీతకాలపు ఉత్సవాన్ని జరిపారు. ఆ ఉత్సవం నేటికీ సాగుతున్నది. నిందకు ఇంతకంటె చక్కని జవాబును నేనెరుగను.

ఉద్యోగ విరమణ చేసినవారిలో కలిగినవారు కొందరు శీతకాలం రాగానే దక్షిణాదిన ఉన్న ఫ్లోరిడాకో, అరిజోనాకో తరలిపోతారు. వలస పక్షులతో పోల్చి వారిని అక్కడివారు ‘మంచు పక్షులు’ అని పిలుస్తారు. మన ప్రసక్తి వారితో కాదు. స్తోమతు చాలకనో, పుట్టిన ఊరు విడువలేకనో, మంచు మీది మమకారంతోనో ఉండిపోయేవారితో. ఉద్యోగం ఉన్నంతకాలం మంచు వీరికి దారిలో ఎదురయ్యే ఆటంకం మాత్రమే. విరమణ తరువాత వెళ్ళవలసిన చోటంటూ ఉండదు. మంచు కురిసిన ఉదయాన ఇల్లు కదలకపోయినా అడిగేవారుండరు. ఒక రోజు కదలకపోవడం విశ్రాంతి. నెల రోజులు కదలకపోతే అది వేరే విషయం. కిటికీ అవతల అంతా తెలుపు, నిశ్శబ్దం. కొత్తగా కురిసిన మంచు రేణువుల నడుమ గాలి నిండి ఉండటంవల్ల అది ధ్వనిని పీల్చుకొంటుంది. వీధిలో వినబడే చప్పుడు కూడా తగ్గిపోతుంది. ఆ నిశ్శబ్దం మొదటి రోజు హాయిగా ఉంటుంది.

అటువంటి వీధిలో మొదట వినవచ్చే శబ్దం పారది. మిన్నియాపొలిస్‌లో ఇంటిముందరి కాలిబాటపై పడిన మంచును, అది కురవడం ఆగిన 24 గంటలలోగా ఇంటివారే తొలగించాలన్నది నగరపాలక నియమం. తడిసిన మంచు మిక్కిలి బరువు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. దానికి పార ఎత్తే శ్రమ తోడైతే గుండెకు ముప్పు. అందువల్ల వయసు మళ్ళినవారిని ఈ పనికి దూరంగా ఉండమని వైద్యులు హెచ్చరిస్తారు. ఇక ఆ బాట ఎవరు తీయాలి? పక్కింటివారు తీస్తారు. అడగకుండానే తమ బాటతోపాటు నాలుగడుగులు ముందుకు జరిపి ముసలమ్మ గుమ్మం దాకా తీస్తారు. ఆమె ఆ పూట ఏదో ఒకటి వండి పంపుతుంది. మన పల్లెల్లో బదులు పనికి వెళ్ళడం వంటిదే ఇది. కాకుంటే ఇక్కడ లెక్క ఉండదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఒక గుమ్మం ముందు రెండు రోజులుగా మంచుమీద అడుగుజాడ లేదంటే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తడతారు. మంచు కురవని ఊరిలో ఈ జాడ తెలిసే వీలు లేదు.

చలి ముదిరేకొద్దీ సరస్సులు పైనుండి గడ్డకట్టడం ప్రారంభిస్తాయి. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అత్యధిక సాంద్రత కలిగి ఉంటుంది. అంతకంటె చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది. మంచుగడ్డ మరింత తేలిక. కనుక పైన గడ్డ, అడుగున నీరు, ఆ నీటిలో చేపలు. గట్టి కొత్త మంచుగడ్డ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉంటేగాని దానిమీద నడవరాదని అక్కడి ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. కారు వెళ్ళాలంటే అంతకు రెట్టింపునకు పైగా మందం కావాలి. తగినంత గడ్డకట్టిన పిమ్మట సరస్సుమీద చిన్న చిన్న చెక్క గుడిసెలు వెలుస్తాయి. వడ్రంగి బరమా వంటి పొడవైన సాధనంతో గడ్డను తొలిచి, ఆ రంధ్రంలోకి గాలం వదిలి, లోపల చిన్న పొయ్యి వెలిగించుకొని విశ్రాంత వృద్ధులు గంటల తరబడి కూర్చుంటారు. చేప పడవచ్చు, పడకపోవచ్చు. చూడవచ్చినవారికి ఇది వ్యర్థ కాలక్షేపంగా తోస్తుంది. కాని మన ఊళ్ళలో రచ్చబండ మీద కూర్చున్నవారు మాత్రం ఏ పని సాధిస్తున్నారు? ఊరికే కూర్చోవడానికి మనిషికి ఒక సాకు కావాలి. రచ్చబండకు చెట్టునీడ సాకు, అక్కడ గాలం సాకు.

వీరి ఆటలలో నాకు మిక్కిలి నచ్చినది కర్లింగ్. స్కాట్లండు నుండి వలస వచ్చినవారు ఉత్తర అమెరికాకు తెచ్చిన ఆట ఇది. దాదాపు 20 కిలోల బరువుండే నున్నని గ్రానైటు రాయిని మంచుగడ్డ మీద జారవిడిచి, దూరాన గీసిన వలయం మధ్యకు చేర్చాలి. రాయి సాగుతుండగా దాని ముందు జట్టువారు చీపుళ్ళవంటి కుంచెలతో మంచును రుద్దుతారు. రుద్దితే రాయి మరికొంత దూరం సాగుతుంది, దారి కూడా కొంత సరిదిద్దుకొంటుంది. మామూలుగా రాయిని విడిచేవారు ఒక మోకాలు వంచి దాదాపు నేలబారుగా జారాలి. అరవై దాటిన మోకాళ్ళకు అది సాధ్యమా? అందుకే ఒక పొడవైన కర్రను రాయి పిడికి తగిలించి, నిలుచునే నెట్టే పద్ధతిని నియమావళిలో చేర్చుకొన్నారు. మోకాళ్ళు వంగని వారిని ఆట బయటకు పంపలేదు, ఆటనే వారికోసం కొంచెం వంచారు. ఆట ముగిశాక గెలిచినవారు ఓడినవారిని కూర్చోబెట్టి పానీయం ఇప్పించాలన్నది ఆచారం. పెద్దవారు ఆ చలిలో ఇల్లు వదలి వచ్చేది రాయి కోసమా, ఆ తరువాతి అరగంట కోసమా అంటే చెప్పడం కష్టం.

ఆట చేతకానివారికి నడక ఉన్నది. జారే వీధులలో నడిచి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం వృద్ధులకు పెద్ద భయం. మిన్నియాపొలిస్ శివారు ఎడీనాలో 1956లో సౌత్‌డేల్ అనే అంగడి సముదాయం ఏర్పడింది. పూర్తిగా పైకప్పు కింద, లోపలి వాతావరణాన్ని అదుపులో ఉంచుతూ కట్టిన తొలి ఆధునిక అంగడి సముదాయంగా దానికి పేరు. కొనుగోళ్ళకోసం కట్టిన ఇటువంటి భవనాలను పెద్దలు నడకకు వాడుకోసాగారు. దుకాణాలు తెరవక ముందే నడిచేవారికోసం తలుపులు తీసే ఆనవాయితీ పలుచోట్ల ఏర్పడింది. వ్యాపారులు ఊహించని ఉపయోగమిది. నాలుగు చుట్లు తిరిగి ఒక బల్ల చుట్టూ చేరి కాఫీ తాగుతారు. ఆ బల్లవద్ద ఎవరి కుర్చీ వారిది. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే ఫోను మోగుతుంది.

ఇల్లు కదలలేనివారికి కిటికీ ఉన్నది. పెరటిలో గింజలు నింపిన పెట్టె వేలాడదీస్తే నల్లటోపీ పెట్టుకొన్నట్లుండే చికడీ అనే చిట్టిపిట్ట ఎంత చలిలోనైనా వస్తుంది. పిడికెడైనా లేని ఆ పిట్ట రాత్రివేళ తన శరీర ఉష్ణోగ్రతను తగ్గించుకొని శక్తిని పొదుపు చేసుకొంటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధన కేంద్రం, ఆడుబాన్ సంఘం 1998లో ప్రారంభించిన పెరటి పక్షుల గణన ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరుగుతుంది. పావుగంటసేపు కిటికీలోనుండి చూసి లెక్క రాసి పంపినా చాలు, అది శాస్త్రానికి పనికివస్తుంది.

మన తెలుగు తల్లిదండ్రుల విషయం కొంత భిన్నమైనది. పిల్లలను చూడబోయేవారిలో చాలామంది వేసవిలో వెళ్ళి చలి ముదరకముందే తిరిగి వస్తారు. మనవల పెంపకం కోసమో, స్వగ్రామంలో చూసుకొనేవారు లేకనో ఉండిపోయేవారు కూడా ఉన్నారు. వారికి కారు నడపడం రాదు. ఉచ్చారణ అర్థం కాక పొరుగువారితో మాట సాగదు. శీతకాలంలో మన గడియారం అక్కడి గడియారానికి పదకొండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఏడు గంటలకు ఫోను చేస్తే ఇక్కడ ఉదయం ఆరున్నర. అంటే పగలు చాలాసేపు మాట్లాడదామన్నా ఇక్కడ అందరూ నిద్రలో ఉంటారు.

మా కళాశాలలో చరిత్ర బోధించి విరమణ చేసిన మిత్రుడొకరు, భార్యను పోగొట్టుకొన్న మీదట అక్కడి కుమార్తె ఇంటికి చేరారు. వందలమంది ‘మాస్టారూ’ అని పిలిచిన మనిషి. మొదటి శీతకాలమంతా తాను చేసిన పని గోడమీది క్యాలెండరులో తేదీలు కొట్టివేయడమేనని ఫోనులో చెప్పారు. ఆ గొంతు నాకు కొత్తగా, భయంగా తోచింది. రెండవ ఏడు పొరుగింటి వృద్ధుడొకాయన వీరి బాట కూడా తీస్తుండగా, కృతజ్ఞత తెలపడానికి మాటలు వెతుక్కోలేక ఫిల్టరు కాఫీ పట్టుకొని గుమ్మంలోకి వెళ్ళారట. ఆయన తాగి, మరునాడు గిన్నెనిండా ఏదో కాల్చిన బంగాళాదుంపల వంటకం తెచ్చారు. మాంసం ఉన్నదేమోనని మా మిత్రుడు చేతి సైగలతో అడగడం, ఆయన కోడిలా కూసి లేదన్నట్లు తల ఊపడం, ఇద్దరూ నవ్వుకోవడం జరిగింది. ఒకసారి జ్వరంతో మాస్టారు రెండు రోజులు కిటికీ దగ్గరకు రాకపోతే ఆ వృద్ధుడు వచ్చి తలుపు తట్టారు. ఆ సంగతి చెబుతున్నప్పుడు మా మిత్రుని గొంతు మళ్ళీ పాత గొంతు. తరువాత శనివారాలలో ఆ ఇంటి నేలమాళిగలో నలుగురైదుగురు తెలుగు పిల్లలకు ఓనమాలు దిద్దించడం మొదలుపెట్టారు. పిల్లలు ‘తాతగారూ’ అంటారు. ‘మాస్టారూ’ అనరని ఆయనకొక చిన్న లోటు.

సంక్రాంతి అక్కడ చలి పరాకాష్ఠకు చేరే రోజులలో వస్తుంది. ముంగిట ముగ్గు నిలవదు గనుక గ్యారేజీ నేలమీద వేసే ఇళ్ళున్నాయి. భోగిపళ్ళకు తాజా రేగుపళ్ళు దొరకకుంటే దొరికిన పళ్ళతో, పూలతో, చిల్లర నాణేలతో సరిపెడతారు. ఆ రోజు దృష్టి తీయడానికి పెద్ద చేయి కావాలి. కొడుకులు, కోడళ్ళు తమ తల్లిదండ్రులు దగ్గర లేని ఇళ్ళవారు ఈ పెద్దలను కారులో వచ్చి పిలుచుకొని వెళతారు. ఏడాదిలో తక్కిన రోజులు ఇంటి మూల కూర్చున్న అమ్మమ్మ, ఆ ఒక్క రోజు నాలుగిళ్ళకు కావలసిన మనిషి అవుతుంది.

మార్చి మొదటి వారంలోగా రాష్ట్రపు దక్షిణ భాగంలోని సరస్సుల మీది గుడిసెలన్నింటినీ తీసివేయాలన్నది అక్కడి చట్టం. ఆ తరువాత గడ్డ ఏ రోజున పూర్తిగా విడిపోతుందా అని ఊరంతా పందేలు వేసుకొంటుంది. మిన్నెటోంకా సరస్సులో మంచు విడిన తేదీలను 1855 నుండి రాసిపెట్టారు. సాధారణంగా అది ఏప్రిల్ నెలలో జరుగుతుంది. గుడిసెలు ఒడ్డుకు చేరినా కుర్చీలు, గాలాలు, ఆ నలుగురు మనుషులు ఒడ్డునే మరో చోట కూర్చుని, ఎవరు చెప్పిన తేదీ నిజమవుతుందో చూస్తుంటారు.

అభ్యాసం

1. ప్రవరుని వేదనకు, మంచు సీమలోని ఒంటరి వృద్ధుని వేదనకు గల భేదాన్ని వివరించండి.
2. కర్లింగ్ ఆటలో పెద్దలకోసం చేసిన మార్పు ఏది? దానిపై రచయిత అభిప్రాయాన్ని తెలపండి.
3. ‘ఊరికే కూర్చోవడానికి మనిషికి ఒక సాకు కావాలి’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. కినుక, ముదిమి, ఆనవాయితీ, పరాకాష్ఠ – ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
5. మీ వీధిలో ఒంటరిగా నివసించే పెద్దవారొకరితో మాట్లాడి, వారి ఒక రోజు ఎలా గడుస్తుందో ఒక పుటకు మించకుండా రాయండి.