సత్య నాదెళ్ల: పరీక్షకు ముందు ఒక్కసారి

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల పూర్వీకుల ఊరు బుక్కాపురం అనంతపురం జిల్లాలోనిది.

జననం: 1967 ఆగస్టు 19, హైదరాబాద్. తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి, ప్రణాళికా సంఘం సభ్యుడిగానూ పనిచేశారు.

చదువు: హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, కర్ణాటకలోని మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ (1988), విస్కాన్సిన్-మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ (1990), షికాగోలో ఎంబీఏ (1997).

ఉద్యోగం: సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. 2014 ఫిబ్రవరి 4న సీఈఓ అయ్యారు. బిల్ గేట్స్, స్టీవ్ బామర్ తర్వాత ఆయన మూడో సీఈఓ. 2021లో ఛైర్మన్ పదవీ దక్కింది.

ముఖ్య నిర్ణయాలు: పగ్గాలు చేపట్టిన రెండు నెలల్లోపే, ప్రత్యర్థి ఆపిల్ ఐప్యాడ్‌పై ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశారు. పోటీదారుతోనూ కలిసి నడిచే కొత్త ధోరణికి ఇది తొలి గుర్తు. క్లౌడ్ సేవ అజూర్‌కు పెద్దపీట వేశారు.

కొనుగోళ్లు: లింక్డ్ఇన్ (2016), గిట్‌హబ్ (2018), యాక్టివిజన్ బ్లిజార్డ్ (2023).

పుస్తకం: ‘హిట్ రిఫ్రెష్’ (2017).
పురస్కారం: పద్మభూషణ్ (2022).

గుర్తుంచుకోండి: అదే ఏడాది గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్‌కీ పద్మభూషణ్ ప్రకటించారు. జతపరచే ప్రశ్నల్లో ఈ ఇద్దరి పేర్లు, సంస్థలు తారుమారు కాకుండా చూసుకోండి.