ఇద్దరిమీదను చేయి ఉంచువాడు
(భార్యాభర్తల తగవులలో మధ్యవర్తి పని)

పాఠ్యభాగములు: యోబు 9:32, 33, 1 రాజులు 3:16–28, సామెతలు 18:17, మత్తయి 18:15–17.



యోబు తన శ్రమలలో ఒక మధ్యవర్తి కొరకు అంగలార్చెను. ఆ మధ్యవర్తికి అతడు చెప్పిన గురుతు ఒక్కటే: అతడు ఉభయులమీదను చేయి ఉంచదగినవాడై యుండవలెను. ఒకరి పక్షమున మాటలాడువాడు ప్లీడరు. తీర్పు చెప్పువాడు న్యాయాధిపతి. మధ్యవర్తి ఈ ఇద్దరిలో ఎవడును కాడు. మన పల్లెలలో కాపురము చెడినప్పుడు మొదట సంఘపెద్దలకే కబురు వచ్చును గనుక, ఈ భేదమును మనము బాగుగా నేర్చుకొనవలెను.

1. మధ్యవర్తి పక్షము వహింపరాదు.

మన తెలుగుదేశమునుండి సుప్రీంకోర్టు వరకు వెళ్లిన ఒక దావాను చూడుడి. 1999 ఏప్రిల్‌లో హైందవ దంపతులకు వివాహమాయెను. మరునాడే ఇరువైపుల పెద్దలు తగవులాడి, తిట్టుకొని, చెప్పులు విసరుకొనిరి. కొద్ది దినములలోనే వధూవరులు వేరైరి. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వివాహమును రద్దుచేయువరకు దాదాపు పదునాలుగు ఏండ్లు వ్యాజ్యములలో గడచెను. ఇట్టి తగవులను మొదటనే మధ్యవర్తిత్వమునకు పంపవలెనని ఆ తీర్పులోనే న్యాయమూర్తులు కుటుంబ న్యాయస్థానములకు ఆజ్ఞాపించిరి. ఆ దంపతులు మన సంఘస్థులు కారు, అయినను పాఠము మనదే. చల్లార్పవలసిన పెద్దలే అగ్గి రాజేసిరి.

మొదట మాటలాడినవాని మాట న్యాయముగానే తోచునని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. గనుక భార్య మాటను వేరుగా వినుడి, భర్త మాటను వేరుగా వినుడి. విన్నది అరుగుమీద చెప్పకుడి. ఒకరియింట భోజనముచేసి మరియొకరికి బుద్ధి చెప్ప వెళ్లకుడి.

2. మధ్యవర్తి వివాహమును రద్దుచేయలేడు.

స్టాంపు కాగితముమీద పెద్దలు వ్రాయించు విడాకుల పత్రము చెల్లదు. క్రైస్తవ వివాహమును రద్దుచేయు అధికారము 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము కోర్టుకే యున్నది. పరస్పర సమ్మతితో విడిపోవుటకు 2001 సవరణ దారి చూపినది, గాని అదియు కోర్టుద్వారానే. చర్చి న్యాయసభలిచ్చు విడాకులకు చట్టమునుబట్టి విలువ లేదని 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. పత్రమును నమ్మి మరల పెండ్లిచేసికొనినవాడు నేరస్థుడగును. వాని రెండవ భార్యయు ఆమె బిడ్డలును చిక్కులపాలగుదురు.

3. బిడ్డ మూడవ పక్షము.

సొలొమోను ఎదుట ఇద్దరు స్త్రీలు వాదించిరి, శిశువు మాత్రము మాటలాడలేదు. బిడ్డ బ్రదికిన చాలునని తన హక్కును విడిచిన స్త్రీయే తల్లి యని రాజు గ్రహించెను. మన చేతిలో రాజు ఖడ్గము లేదు. ఆ వివేకమైనను ఉండవలెను. పొలము పంచినట్లు బిడ్డను పంచరాదు. “మగబిడ్డ మావాడు, ఆడుబిడ్డను మీరు తీసికొనిపొండి” యను మాట పంచాయతీలో వినబడినయెడల, అక్కడనే ఆపుడి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము బిడ్డ క్షేమమునే చూడుమనుచున్నది. తన యిష్టమును తెలివిగా చెప్పగల వయస్సు వచ్చిన బిడ్డ మాటను కూడ కోర్టు ఆలకింపవచ్చును.

గనుక మధ్యవర్తి అడుగవలసినవి చిన్న ప్రశ్నలే. బడి మానకుండ బిడ్డ ఎక్కడ ఉండగలడు? రాత్రి జ్వరము వచ్చిన ఎవరు చూచెదరు? తల్లి నాగాయలంకలోను తండ్రి గుడివాడలోను ఉన్నయెడల, ఏ దినమున, పామర్రులోనా మరియెక్కడనా, ఎవరు బిడ్డను తోడుకొని రావలెను? బస్సు చార్జీ ఎవరిది? “అప్పుడప్పుడు చూపించెదము” అను మాట మరుసటి నెలకే తగవగును. దినము, చోటు, సొమ్ము తేటగా వ్రాయుడి. తండ్రిమీద బిడ్డకు ద్వేషము నేర్పరాదనియు, తల్లినిగూర్చి బిడ్డ ఎదుట చెడుగా పలుకరాదనియు ఇద్దరిచేత ఒప్పించుడి.

4. భయమున్నచోట రాజీ లేదు.

కొట్టబడిన స్త్రీని “సర్దుకొని పొమ్మా” యని మరల ఆ గడపలోనికి పంపుట సమాధానము కాదు. ప్రభువు మత్తయి 18లో తప్పిదము చేసినవానిని గద్దింపుమనెను గాని, దెబ్బతిన్నవారిని నోరు మూసికొనుమనలేదు. మొదట ఆమెకును బిడ్డలకును ప్రాణభయములేని చోటు చూడవలెను. 2005 నాటి గృహహింస చట్టము ప్రకారము రక్షణ ఉత్తరువును, బిడ్డల తాత్కాలిక సంరక్షణను ఆమె కోరవచ్చును.

5. మన పని ముగియుచోటు తెలిసికొనవలెను.

మనచేత కానప్పుడు మచిలీపట్నములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వారిని తోడుకొని వెళ్లుడి. స్త్రీలకును బిడ్డలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము దొరకును. పోషణ, బిడ్డను చూచు దినములు మొదలగువాటిలో కుదిరిన రాజీని లోక్ అదాలత్‌లో వ్రాయించినయెడల, 1987 నాటి చట్టముచొప్పున అది సివిల్ కోర్టు డిక్రీతో సమానము. మన యెదుట పలికిన నోటిమాటకు ఆ బలము లేదు.

ప్రియులారా, కొన్ని కాపురములు మరల నిలుచును, కొన్ని నిలువవు. నిలిచినను నిలువకపోయినను, ఆ బిడ్డకు తల్లియు తండ్రియు మిగిలియుండునట్లు చేయుటయే మధ్యవర్తి కష్టమునకు ఫలము.

కూటములలో ఆలోచించుటకు:
1. మన సంఘములో జరిగిన రాజీలలో బిడ్డ మాటను ఎవరు వినిరి?
2. బంధువైన పెద్ద మధ్యవర్తిగా కూర్చుండవచ్చునా?
3. స్త్రీలు చెప్పుకొనుటకు మన పెద్దలలో స్త్రీ యొకతె యున్నదా?