కొత్త ఇంట్లో పాత సామాను – ఒక అధ్యయనం

హాస్టల్ పత్రికలో ఇంటి అలంకరణ మీద వ్యాసమా అని నవ్వకండి. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, గోడమేకుకి రెండు చొక్కాలు... మన గది అలంకరణ ఇంతే కదా! కానీ రేపు మీలో చాలామంది ఉద్యోగాలు సంపాదించి ఇల్లు కట్టిస్తారు. ఆ రోజున పాత ఇంటి సామాను ఏం చేయాలనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మా ఇంట్లో వచ్చింది.

వేర్వేరు కాలాల, దేశాల వస్తువులను ఒకేచోట అమర్చడాన్ని మిశ్రమ శైలి అంటారు. దీనికి చక్కని పాఠం హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్. 18వ శతాబ్దంలో మొదలైన ఈ కట్టడాలు అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–69) పూర్తయ్యాయి. టికెట్టు కొని ఎవరైనా చూడవచ్చు. అక్కడి దర్బారు హాలు పేరు ఖిల్వత్ ముబారక్. అందులో మొగలాయి పద్ధతి కమానులు, గచ్చుతో చేసిన నగిషీలు, పాలరాతి గద్దె ఉన్నాయి. పైన వేలాడేవి మాత్రం 19 బెల్జియం గాజు షాండ్లియర్లు! దక్షిణపు ఆవరణలో ఉన్న అఫ్తాబ్ మహల్‌కి యూరపు పద్ధతి స్తంభాలు.

ఇంత కలిపినా కంటికి ఇబ్బంది కలగదు. కారణం ఏమిటా అని నేను ఒక గంటసేపు అక్కడే నిలబడి చూశాను. హాలులో గోడలు, స్తంభాలు, కమానులు అన్నీ లేత రంగే. ఒకే కమాను ఆకారం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. బయటినుండి వచ్చిన వస్తువు ఒక్క రకమే, అదీ వరుసలో ఉంది. పది రకాల దీపాలు తగిలించి ఉంటే అది దర్బారులా కాక దీపాల దుకాణంలా ఉండేది.

మచిలీపట్నం కలంకారీ కూడా ఇలాంటిదే. గోల్కొండ సుల్తానుల కాలంలో పారశీక పూలతీగలు మన అద్దకంలోకి వచ్చాయి. తరువాత లండన్ వ్యాపారులు తమ దేశపు గదులకు నప్పేలా తెల్లని నేల మీద పూలు కావాలని అడిగారు. కోరమాండల్ తీరపు రంగు గుడ్డలకు అక్కడ ఎంత గిరాకీ పెరిగిందంటే, తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి 1721లో ఇంగ్లాండు నిషేధ చట్టమే చేసింది. కాబట్టి “అసలైన మన శైలి” అని ఎవరైనా గట్టిగా చెబితే కొంచెం ఆలోచించాలి.

ఇక మా ఇంటి సంగతి. పెంకుటిల్లు తీసి స్లాబు వేశాక నాన్న వాయిదాల మీద సోఫా కొన్నాడు. తన డప్పును మాత్రం వెనక గదిలో అటక మీద పెట్టేశాడు. ఎందుకు నాన్నా అంటే, “నీ పట్నం స్నేహితులు వస్తే ఏమనుకుంటార్రా” అన్నాడు. నేను పి.జి. చదువుతున్నాను. ఆ చదువుకు మొదటి ఫీజు కట్టింది ఆ డప్పు సంపాదనే. పెద్ద ఇళ్ళలో కొండపల్లి బొమ్మ హాలులో ఉంటే అది కళ, మా డప్పు అటక మీదా?

డప్పును కిందికి దించాను. చౌమహల్లా సూత్రమే వాడాను. గోడకు లేత రంగు వేయించాం. డప్పు తోలు రంగుకు దగ్గరగా ఉండే గోధుమరంగు దుప్పటి సోఫా మీద పరిచాం. ఆ గోడకు క్యాలెండరు, నా డిగ్రీ ఫోటో, ప్లాస్టిక్ పూలు ఏవీ లేవు. సిర్ర, సిటికెన పుల్ల డప్పు పక్కనే ఉంటాయి. ముందు బయటి గోడకు తగిలిస్తే వానాకాలపు చెమ్మకు తోలు వదులైంది, అందుకని లోపలి గోడకు మార్చాం. మేకును చెల్లి ఇంకా పైకి కొట్టమంది, చూడటానికి బాగుంటుందని. నాన్న ఒప్పుకోలేదు. జాతర రోజున తీసుకెళ్ళాలి కదా, చేతికి అందాలన్నాడు. ఆ ఎత్తులోనే కొట్టాం.