పది శాతం హద్దు నేర్పినవి

డాలస్ శివార్లలో చాలాకాలంగా సొంతింట్లో ఉంటున్నాను. ఇప్పుడు ఫ్రిస్కోలో, ప్రాస్పర్‌లో ఇళ్లు కొంటున్న మన పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. హద్దు విలువకే గాని పన్నుకు కాదు.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడులూ ఊరి రోడ్లూ పోలీసులూ చాలావరకు ఇంటి పన్ను వంటి ఆస్తి పన్నుల మీదే నడుస్తాయి. 1997లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో, యజమాని తానే కాపురముండే ఇంటికి ఒక రక్షణ వచ్చింది. పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. రేటు మాత్రం నగరం, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ దేనికది వేసుకుంటాయి.

2. అడగనిదే హక్కు రాదు.

మొదటి ఇల్లు కొన్నప్పుడు, ఆ రక్షణకు ఆధారమైన హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్ (కాపురముండే ఇంటికి పన్ను మినహాయింపు) దానంతటదే వస్తుందనుకుని దరఖాస్తు పెట్టలేదు. ఆ ఏళ్లలో పెరిగిన విలువంతా పన్నులోకి వెళ్లింది. దరఖాస్తుకు, ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ పైసా తీసుకోదు. రుసుము అడుగుతూ ప్రైవేటు ఉత్తరాలు వస్తే పక్కన పడేయండి. ఎగ్జంప్షన్ దొరికిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచే హద్దు మొదలవుతుంది.

కొత్తగా కట్టిన ఇల్లయితే మరింత జాగ్రత్త. జనవరి 1న ఎలా ఉందో చూసి విలువ కడతారు. ఆనాటికి ఖాళీ స్థలమే ఉంటే మొదటి బిల్లు స్థలానికే వస్తుంది. మరుసటి ఏడు ఇంటి విలువంతా వచ్చి చేరుతుంది. కొత్త కట్టడాన్ని ఈ హద్దు ఆపదు. పన్ను కోసం అప్పిచ్చినవాళ్లు కిస్తీతో పాటు జమచేసే ఎస్క్రోలో లోటు పడి నెల కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది. మొదటి బిల్లు చూసి నిశ్చింతగా ఖర్చుపెట్టుకుని, రెండో ఏడు నలిగిపోయిన జంటలను చూశాను. ఆ తేడా డబ్బు ముందే దాచుకోండి.

3. మార్కెట్ తగ్గినా నోటీసులో అంకె పెరగవచ్చు.

మార్కెట్ విలువ 6 లక్షల డాలర్లు, పన్ను విలువ 4 లక్షలు అనుకోండి. మరుసటి ఏడు మార్కెట్ 5.5 లక్షలకు దిగినా పన్ను విలువ 4.4 లక్షలకు పెరగవచ్చు. అది చట్టప్రకారమే. కట్టిన విలువ మీద ప్రొటెస్ట్ (అభ్యంతరం) చేసి మార్కెట్ విలువను 5 లక్షలకు తగ్గించుకున్నా ఆ ఏటి పన్ను మారదు. పై ఏళ్లకు పనికొస్తుంది.

4. ప్రొటెస్ట్‌లో గెలిపించేవి కాగితాలు.

మే 15, లేదా విలువ నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది గడువు. టెక్సాస్‌లో అమ్మకం ధర బయటపెట్టాలన్న నియమం లేదు. అందుకే వీధిలోవాళ్లు తమ ధరలు ఒకరికొకరు చెప్పుకోవాలి. ఇక్కడి బంకమట్టికి పునాదులు కదులుతాయి. పగుళ్ల ఫోటోలు, మరమ్మతు అంచనా తీసుకువెళ్లండి.

5. నాకు దక్కిన నీడ పక్కింటివారికి ఎండ.

ఇల్లు చేతులు మారితే పాత హద్దు పోతుంది. మా వీధిలో నా ఇంటిలాంటిదే కొన్న యువ దంపతులు నాకంటే చాలా ఎక్కువ కడుతున్నారు. 65 దాటినందుకు నా స్కూలు పన్నుకు గరిష్ఠ పరిమితీ ఉంది. కాలిఫోర్నియాలో 1978 నుంచి పెరుగుదల హద్దు 2 శాతమే. పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ అక్కడ అంతరం ఇంకా పెద్దది. ఇక్కడా హద్దును 5 శాతానికి దించాలనే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. ఊరి ఖర్చు అంతే ఉన్నప్పుడు నా వాటా తగ్గితే అది ఆ దంపతుల మీద పడుతుంది.

అందరికీ మేలు చేసేది రేటు తగ్గడం. అది ఆగస్టు, సెప్టెంబరు బహిరంగ విచారణల్లో తేలుతుంది. నా అంకె హద్దులోనే ఉంది కదా అని నేను ఏళ్లతరబడి అటు పోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు వెళ్లండి. వీసా మీద ఉన్నా, ఓటు లేకపోయినా అక్కడ మాట్లాడవచ్చు.